ప్రశ్నల పెట్టెలో మగపిల్లలు ఖాళీ చీటీలే వేస్తున్నారు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలోని 11 అంశాల్లో కౌమార ఎదుగుదల, పునరుత్పత్తి ఆరోగ్యం కూడా ఉన్నాయి. వారానికి ఒక గంట. ఎనిమిదో తరగతికి శనివారం చివరి పీరియడ్‌లో చెబుతున్నాను.

మొదటి వారం బొమ్మలు గీసి వివరిస్తే అందరూ తల దించుకున్నారు. రెండో వారం చెప్పుల డబ్బాకు చీలిక పెట్టి, పేరు రాయకుండా ప్రశ్న వేయమన్నాను. మూడో వారం విడివిడిగా కూర్చోబెట్టాం. ఆడపిల్లలు మా తోటి ఉపాధ్యాయురాలిని నెలసరి నొప్పి గురించి, రక్తహీనత గురించి ధారాళంగా అడిగారు. మగపిల్లల చీటీలు 23 వచ్చాయి, 22 ఖాళీ. మిగిలినదాని మీద ఏదో రాసి, కాగితం చిరిగేలా రబ్బరుతో చెరిపేశారు. వెలుతురుకు పెట్టి చూస్తే 'నిద్రలో' అన్న ఒక్క మాట కనిపించింది. ఏం అడగబోయాడో అర్థమైంది. స్వప్నస్ఖలనం, అంటే నిద్రలో వీర్యం దానంతటదే వెలువడటం, సహజమని, దానివల్ల నీరసం రాదని మరుసటి వారం నేనే చెప్పాను. అయినా ఎవరూ నోరు విప్పలేదు. నా చేతిరాత సారు గుర్తుపడతారన్న భయం కావచ్చని చీటీల బదులు అవును, కాదు అని టిక్కు పెట్టే కాగితాలిచ్చాను. పక్కవాడిని చూసి పెట్టారు.

పదమూడేళ్ల మగపిల్లలు తమ సందేహాన్ని తామే అడిగేలా చేయడానికి మీ తరగతిలో నిజంగా పనిచేసిన పద్ధతి ఏమిటి?