చెన్నై: పాత ట్రామ్, రైలు సామాను మ్యూజియానికి ఇచ్చేలోపు ఎలా కాపాడాలి?

పెరంబూరు_పట్టాలు:
అందరికీ నమస్కారం. ఒక రేకు ట్రంకు పెట్టెలో ఉన్న సామాను మ్యూజియానికి ఇవ్వాలి. అట్ట రైలు టిక్కెట్లు సుమారు 600, రబ్బరు బ్యాండు కట్టలుగా ఉన్నాయి. మద్రాసు ట్రామువని చెబుతున్న పల్చటి కాగితం టిక్కెట్లు గుప్పెడు. గంట మోగే టిక్కెట్ పంచ్ ఒకటి, ఇత్తడి బ్యాడ్జీలు రెండు, మూడో తరగతి వెయిటింగ్ హాలు అని రాసిన ఎనామెల్ బోర్డు, నలుపు తెలుపు ఫోటోలు 40, ఒక డబ్బాలో ఫిల్ము నెగటివ్‌లు. కొన్ని టిక్కెట్లకి బూజు పట్టింది. నెగటివ్‌ల డబ్బా తెరిస్తే పులుపు వాసన. ఎండలో ఆరబెట్టొచ్చా? ఇత్తడి తోమాలా? టిక్కెట్లు లామినేషన్ చేయించి ఇస్తే బాగుంటుందా? అసలు ఎవరికి ఇవ్వాలి?

సిరా_మరక:
ముందు ఆ పులుపు వాసన సంగతి. అది ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము కుళ్లుతున్న వాసన. దాంట్లోంచి వచ్చే ఆమ్లం పక్కనున్న మంచి ఫిల్మునీ చెడగొడుతుంది, కాగితాన్నీ తింటుంది. ఈ రోజే డబ్బాని ట్రంకులోంచి తీసి గాలి ఆడే వేరే గదిలో పెట్టండి, మూత బిగించకండి. వంకర తిరిగిన ఫిల్ముని చేత్తో సాగదీయొద్దు. అంచున ‘సేఫ్టీ’ అనే ఇంగ్లీషు మాట ఉందేమో చూడండి. లేకపోతే, పైగా జిగటగానో గోధుమరంగు పొడి రాలుతూనో ఉంటే అది నైట్రేట్ ఫిల్ము అయ్యే అవకాశం ఉంది. అది ఇట్టే అంటుకుంటుంది, ఇంట్లో ఉంచుకునే వస్తువు కాదు. ఎసిటేటే అయితే అన్నిటికంటే ముందు స్కాన్ చేయాల్సింది వాటినే. టిక్కెట్లకి అంత తొందర లేదు.

ఎండ వద్దు. రంగు అట్ట వెలిసిపోతుంది, ఒక్కసారిగా ఆరితే అట్ట విల్లులా వంగుతుంది. బూజు పట్టినవాటిని విడదీసి, నీడలో, ఫ్యాన్ గాలి నేరుగా తగలనిచోట రెండు మూడు రోజులు పరిచి ఉంచండి. పూర్తిగా ఆరాకే ఎన్-95 మాస్కు పెట్టుకుని, వరండాలో, మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో మీనుంచి అవతలికి దులపండి. తడిగుడ్డతో తుడిచారో, బూజు నారలోకి దిగి మరక శాశ్వతమైపోతుంది.

లామినేషన్ గురించి వివరంగా చెప్పాలి, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఒక అట్ట టిక్కెట్టు తీసి చూడండి. పొడవు 57 మి.మీ., వెడల్పు 31 మి.మీ., మందం 0.8 మి.మీ. ఎడ్మండ్‌సన్ అనే ఆయన 1830ల చివర్లో ఇంగ్లండులో మొదలుపెట్టిన కొలత ఇది, ఇక్కడికీ అదే వచ్చింది. మధ్యలో స్టేషన్ల పేర్లు, తరగతి, ఛార్జీ, వరస నంబరు ఉంటాయి. ఒక కొసన తేదీ యంత్రం నొక్కిన గుంట ఉంటుంది. చాలా టిక్కెట్లలో ఆ తేదీకి సిరా ఉండదు, ఉన్నదల్లా నొక్కుడే. లామినేషన్ యంత్రం వేడితో, రోలరుతో ఆ గుంటని చదును చేసేస్తుంది, అంటే టిక్కెట్టు మిగులుతుంది, తేదీ పోతుంది. వంగినవాటిని సరిచేద్దామని లావుపాటి పుస్తకాల కింద పెట్టినా జరిగేది అదే. ఫ్లాట్‌బెడ్ స్కానరు కూడా ఈ గుంటని సరిగా పట్టుకోలేదు. అందుకని స్కాన్ కాక, టేబుల్ లైటుని బల్లకు ఆనించినంత కిందకి వంచి, ఒక పక్కనుంచి మాత్రమే వెలుగు పడేలా ఇంకో ఫోటో తీయండి. అంకెల నీడలు పైకి తేలతాయి.

స్కాన్ 600 డిపిఐలో (అంగుళానికి 600 చుక్కలు), రెండు వైపులా, రంగుల్లో, టిఫ్ అనే బొమ్మ ఫైలుగా. ఒక్కో వైపు దాదాపు 1350 × 730 పిక్సెళ్లు, సుమారు 3 ఎంబీ. మీ 600 టిక్కెట్లకీ కలిపి 3.6 జీబీ దాటదు. 1200 డిపిఐ అంటే దానికి నాలుగింతలు, అట్ట టిక్కెట్టుకి అంత అక్కర్లేదు. 35 మి.మీ. నెగటివ్‌కి మాత్రం 3000 డిపిఐకి తగ్గకండి.

రేకుతుప్పు:
లోహాల గురించి మాత్రం చెబుతాను.

ఇత్తడి తోమకండి. చింతపండు అసలే వద్దు. పులుపు పైపొరలోని జింకుని లాగేస్తుంది, కాసేపట్లో గులాబీ రంగు రాగి బయటపడుతుంది. డబ్బా పాలిష్ రుద్దితే చెక్కిన నంబరు గాడి అంచులు అరిగి, తెల్లటి పొడి గాడిలో ఇరుక్కుంటుంది. బ్యాడ్జీ విలువ ఆ నంబరులోనే ఉంది. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

ఎనామెల్ బోర్డు అంటే ఇనప రేకు మీద కరిగించి అంటించిన గాజు. పెచ్చు ఊడినచోట తుప్పు మొదలై ఎనామెల్ కిందికి పాకుతుంది. తుప్పు ఉబ్బితే పక్క పెచ్చు కూడా లేచి వచ్చేస్తుంది. వైరు బ్రష్షు, ఉప్పుకాగితం ముట్టుకోవద్దు. వదులుగా ఉన్న తుప్పుని చెక్కపుల్లతో గీసి, మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా పట్టించండి. ఊడిన పెచ్చులు దొరికితే పారేయకుండా కవరులో వేసి బోర్డు నంబరే రాయండి. బోర్డుని గోడకి ఆనించి నేల మీద నిలబెట్టకండి, కింది అంచే ముందు తుప్పు పడుతుంది. రెండు చెక్క బద్దల మీద పడుకోబెట్టండి.

గంట మోగే పంచ్‌ని విప్పొద్దు, నూనె కూడా వేయొద్దు. ఆ రకం పంచ్‌లో కత్తిరించిన కాగితం బిళ్లలు లోపలే పడి ఉంటాయి. లెక్క సరిపోయిందో లేదో చూడటానికి డిపోలో ఆ బిళ్లలని రంగులవారీగా లెక్కపెట్టేవారు. మీదాంట్లో నాలుగు బిళ్లలు మిగిలి ఉన్నా అవి ఆ కాగితం టిక్కెట్ల రంగుతో సరిపోలుతాయేమో చూడొచ్చు. అది మద్రాసు ట్రాముదే అనడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. విప్పేవాళ్లు మ్యూజియం వాళ్లయితే మంచిది.

ఎగ్మోర్_మెట్లు:
పై ఇద్దరూ వస్తువు సంగతి చెప్పారు. కాలం ఎలా గుర్తించాలో నేను చెబుతాను. తేదీ చెరిగిపోయిన టిక్కెట్టుకి కూడా ఇవి పనికొస్తాయి.

ఎం అండ్ ఎస్ఎం (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే) అని ఉంటే 1908 నుంచి 1951 మధ్యది. 1951 ఏప్రిల్ 14న అదీ, సౌత్ ఇండియన్ రైల్వే, మైసూరు రైల్వే కలిసి సదరన్ రైల్వే అయ్యాయి. ఛార్జీ అణాల్లో ఉంటే చాలావరకు 1957 ఏప్రిల్‌కి ముందుది. నయా పైసలంటే 1957–64. మూడో తరగతి 1974లో పోయింది, కాబట్టి మీ బోర్డు దానికంటే పాతదే. ట్రామ్ టిక్కెట్టు ఏదైనా 1953 ఏప్రిల్ 12 దాటి ఉండదు, మద్రాసులో ట్రాములు ఆగిన రోజు అది. మొదలైంది 1895 మే 7న, భూమిలోని గాడి ద్వారా కరెంటు తీసుకునే పద్ధతిలో. తీగలు తర్వాత వచ్చాయి. మీ ఫోటోల్లో ట్రామ్ పైన కరెంటు తీగ, దాన్ని అందుకునే కర్ర కనిపించకపోతే తొలి దశది అయ్యే వీలుంది, అలాంటిది మిగతా 39 కంటే ముందు చూపించండి.

కట్టలు విప్పేముందు ఒక్క పని. ప్రతి కట్టనీ ఉన్నదున్నట్టు ఫోటో తీసి, క-1, క-2 అని పేరు పెట్టండి. ఏ టిక్కెట్టు ఏ కట్టలో ఉందో ఆ వరసే ఒక మనిషి ప్రయాణాల చిట్టా. స్టేషన్లవారీగా అందంగా సర్దారంటే ఆ చిట్టా మళ్లీ దొరకదు. నంబరు టిక్కెట్టు మీద రాయొద్దు, కవరు మీద రాయండి. ఫోటోలకైతే వెనక ఒక మూలన 2బి పెన్సిలుతో, ఒత్తకుండా. 2025.1.37 లాంటి నంబరు చాలు: సంవత్సరం, ఎన్నో దఫా, ఎన్నో వస్తువు. ఫోటోలో ఉన్నవాళ్లని గుర్తుపట్టే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ నెలలోనే కూర్చోబెట్టి అడగండి. ఫిల్ముకైనా స్కానర్లు దొరుకుతాయి గాని ఆ జ్ఞాపకానికి దొరకవు.

ఎవరికివ్వాలంటే: ఐసీఎఫ్ (రైలు పెట్టెలు తయారుచేసే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) దగ్గరి చెన్నై రైల్ మ్యూజియం 2002 నుంచి ఉంది. రైలు టిక్కెట్లకీ బోర్డుకీ మొదట అడగాల్సింది అక్కడే. ట్రామ్ వస్తువులకి నగర చరిత్ర సేకరించే సంస్థలని కూడా అడగండి. కోల్‌కతా ఎస్‌ప్లనేడ్‌లో పాత ట్రామ్ పెట్టెలోనే ట్రామ్ మ్యూజియం ఉంది కానీ మద్రాసు టిక్కెట్టు మద్రాసులో ఉంటేనే దానికి అర్థం. సంచీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లకండి. నాలుగు ఫోటోలు, జాబితాతో ముందు ఉత్తరం రాయండి. రాతపూర్వక దానపత్రం అడగండి. అందులో ఫోటోల కాపీరైటు మాట విడిగా ఉండాలి, ప్రింటు మీ దగ్గరున్నంత మాత్రాన హక్కు మీదైపోదు. రైల్వే ముద్ర ఉన్న బోర్డుకి వేలం రసీదు లాంటిదేమైనా ఉంటే జాగ్రత్త చేయండి. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ఇలాంటి వస్తువు ఎలా వచ్చిందో మిమ్మల్నే చెప్పమంటుంది.

కొడంబాక్కం_గేటు:
ఇంత తతంగం దేనికండీ. ట్రంకులో నాలుగు నాఫ్తలీన్ ఉండలు వేసి మూత పెట్టేయండి, మా వాళ్లందరూ అదే చేస్తారు.

సిరా_మరక:
వద్దు సార్. పురుగు రాదేమో గాని బూజుకి అది మందే కాదు. ఆవిరి గడ్డకట్టి ఫోటోల మీద, ప్లాస్టిక్ మీద స్ఫటికాల్లా పేరుకుంటుంది, పీల్చేవాళ్లకీ మంచిది కాదు. చెన్నైలో అసలు శత్రువు తేమ. 65 శాతం దాటితే బూజు లేస్తుంది, ఇక్కడ మామూలు రోజే దాన్ని దాటుతుంది.

పెరంబూరు_పట్టాలు:
చాలా ధన్యవాదాలు. ఇంకో రెండు. సిల్వర్‌ఫిష్ పురుగులు ఒక కట్టలో కనిపించాయి. వానాకాలం వరకూ దేంట్లో పెట్టాలి?

సిరా_మరక:
ఆ కట్టని రెండు పాలిథిన్ సంచుల్లో గాలి తీసి కట్టి, ఇంటి ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. తీశాక 24 గంటలు సంచి విప్పకండి, విప్పితే చల్లటి అట్ట మీద నీళ్లు పడతాయి. ఫోటోలు, నెగటివ్‌లు, లోహం ఇందులో పెట్టకూడదు.

డబ్బాకి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌ది, రబ్బరు అంచు ఉన్నది, 20 లీటర్లది తీసుకోండి. పీవీసీ ఆల్బములు వద్దు. పాలిస్టర్ కవర్లలో టిక్కెట్లు నిలువుగా సర్దండి. 600 టిక్కెట్లు పేరిస్తే అట్టే 48 సెం.మీ., కవర్లతో ఇంకా ఎక్కువ, కాబట్టి రెండు వరసలు పడతాయి. మొదలు 400 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), రంగు మారే నారింజ రకం, గుడ్డ సంచిలో. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, అది వద్దు. లోపల ఒక చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) పెట్టండి. తేమ 45 శాతానికి దిగగానే సగం జెల్ తీసేయండి, లేకపోతే అట్ట పెళుసెక్కుతుంది. 55 దాటితే మళ్లీ వేయండి. రంగు మారిన జెల్‌ని ఓవెన్‌లో 120 డిగ్రీలు దాటకుండా మూడు నాలుగు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. డబ్బా నేల మీద కాదు, బయటి గోడకి ఆనించీ కాదు.

రేకుతుప్పు:
పంచ్‌నీ బ్యాడ్జీలనీ ఆ డబ్బాలో కలపకండి. లోహానికి 40 కంటే తక్కువ తేమ కావాలి, కాగితానికి అది పడదు. రెండు డబ్బాలు కొనండి.