ఉగాది స్టేజీ షోకి ఫ్రీ కరోకే ట్రాకులు వాడొచ్చా? (బెంగళూరు)

వైట్‌ఫీల్డ్ గాయకుడు:
ఉగాదికి మా తెలుగు బృందం హాలు తీసుకుని పాటల కార్యక్రమం పెడుతోంది. టికెట్ 200. పాడేవాళ్లంతా ఉద్యోగస్తులే, ఎవరి ట్రాక్ వాళ్లు యూట్యూబ్ నుంచి దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెస్తారు. హాలు మేనేజరు మ్యూజిక్ లైసెన్సు చూపించమంటున్నాడు. అవసరమా? ఇంకో గోల: క్రితంసారి రెండు ట్రాకులు ఇయర్‌ఫోన్లో బాగున్నాయి, హాల్లో పెడితే దాదాపు మూగబోయాయి.

రెండో కీబోర్డు:
అవసరమే. ఫ్రీ అంటే దించుకోవడానికి డబ్బు అడగలేదని. స్టేజీ మీద వాయించుకోమని కాదు. సాహిత్యం, బాణీ ఒక హక్కు, దానికి లైసెన్సు ఇచ్చేది ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, సంగీత దర్శకుల సంఘం). రికార్డింగు ఇంకో హక్కు, దానికి ఆడియో కంపెనీల తరఫున పీపీఎల్ లాంటి సంస్థో, నేరుగా ఆ కంపెనీయో ఇవ్వాలి. సినిమా పాటలోంచి గొంతు తీసేసినా అది ఆ కంపెనీ రికార్డింగే. ఎవరో ఇంట్లో కూర్చుని మళ్లీ వాయించిన ట్రాక్ అయితే రికార్డింగు అతనిది, పాట హక్కు మాత్రం అతనికి రాదు.

క్లబ్‌హౌస్ బాబాయ్:
భయపెట్టకండి సార్. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చదవండి. అమెచ్యూర్ క్లబ్బు వాళ్లు పాడుకుంటే ఉల్లంఘన కాదని అందులోనే ఉంది. పైగా ఉగాది మన పండగ. మతపరమైన వేడుకలకీ మినహాయింపు ఉంది.

రెండో కీబోర్డు:
అదే వాక్యంలో "డబ్బు కట్టని ప్రేక్షకులు" అని కూడా ఉంది బాబాయ్. ఇక్కడ టికెట్ పెట్టారు. పండగ అంటారా, పంచాంగ శ్రవణం వరకు సరే. తర్వాత వరసగా పాడే డ్యూయెట్లు కూడా పూజలో భాగమేనా?

క్లబ్‌హౌస్ బాబాయ్:
టికెట్ అనకుండా డొనేషన్ పాస్ అంటే?

ఇందిరానగర్ లాయరమ్మ:
పేరు మారిస్తే డబ్బు డబ్బు కాకుండా పోదండీ. ఇంకో సంగతి, ఆ అమెచ్యూర్ మినహాయింపు సాహిత్యం, నాటకం, సంగీత రచనల ప్రదర్శనకి. రికార్డింగు వినిపించడానికి వేరే క్లాజు ఉంది: అపార్ట్‌మెంట్ వాసుల ఉమ్మడి హాలు, లాభాపేక్ష లేని క్లబ్బు కార్యకలాపాలు. మీ క్లబ్‌హౌస్‌లో మీవాళ్లు పాడుకోవడం వేరు, బయట హాల్లో టికెట్ పెట్టడం వేరు.

శృతిపెట్టె:
పాత పాటలు పాడితే గొడవే లేదు కదా? ఘంటసాల కాలం పాటలకి ఎవరు అడుగుతారు!

ఇందిరానగర్ లాయరమ్మ:
రికార్డింగుకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. కాబట్టి 1950ల రికార్డింగుల గడువు అయిపోయింది. బాణీకి మాత్రం కట్టినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఘంటసాల గారు 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీలకి 2034 చివరిదాకా హక్కు ఉంటుంది.

బేస్ తగ్గించు:
మూగబోయిన ట్రాకుల సంగతి ఎవరూ చెప్పలేదు. అవి పాతకాలపు పద్ధతిలో గొంతు తీసినవై ఉంటాయి. గొంతు ఎడమ, కుడి ఛానెళ్లు రెండిట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎడమ, కుడి ఒకదానికొకటి తలకిందులుగా ఉన్న సిగ్నల్ ఇస్తాయి. ఇయర్‌ఫోన్లో విశాలంగా వినిపిస్తుంది. హాలు మిక్సర్లో రెండూ కలిపి మోనో చేయగానే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క ఛానెల్ కేబుల్ పీకి పెట్టి చూడండి, శబ్దం వస్తుంది. బేస్ గిటార్, కిక్ డ్రమ్ మాత్రం రావు, అవి గొంతుతోపాటే పోయాయి.

శృతిపెట్టె:
నేను ఎంపీ3 ఫైలు బిట్‌రేటు (సెకనుకి ఎంత డేటా అని) 128 నుంచి 320లోకి మార్చుకున్నాకే తీసుకెళ్తా. క్వాలిటీ బాగుంటుంది.

బేస్ తగ్గించు:
128లో పోయినవి 320లో తిరిగి రావు. ఫైలు బరువు పెరుగుతుంది, అంతే.

శృతిపెట్టె:
నా చెవులకి తేడా తెలుస్తోంది.

బేస్ తగ్గించు:
ఫైలు మార్చిందీ మీరే, తేడా విన్నదీ మీరే. 2019లో డీజర్ అనే మ్యూజిక్ స్ట్రీమింగ్ కంపెనీ వాళ్లు స్ప్లీటర్ అనే గొంతు వేరుచేసే సాఫ్ట్‌వేర్ని ఉచితంగా వదిలాక ఏఐతో గొంతు తీయడం బాగా మెరుగుపడింది, అయినా కోరస్ నీడలు, వేణువులో గరగర మిగులుతాయి. దాని మీద శృతి మూడు మెట్లు దించితే ఇక చెప్పక్కర్లేదు.

క్లబ్‌హౌస్ బాబాయ్:
ఇంతకీ ఎవరైనా వచ్చి కేసు పెట్టారా? పేరు చెప్పండి.

రెండో కీబోర్డు:
2017లో తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా గారి తరఫున ఎస్పీ బాలు గారికే లీగల్ నోటీసు వెళ్లింది, అమెరికా కచేరీల మధ్యలో. బాలు గారే పాడి పాపులర్ చేసిన పాటలకే! మనమెంత?

నా సంగతి చెప్తా. మూడు రాత్రులు కూర్చుని ఒక పాటకి తబలా, స్ట్రింగ్స్ అన్నీ వాయించి ట్రాక్ చేశాను. ఎవడో నా పేరు కత్తిరించి తన ఛానెల్లో పెట్టుకున్నాడు. ఆ ట్రాక్ మీదే ఓ కార్యక్రమంలో పాడారు, నేను కుర్చీలో కూర్చుని విన్నాను. ఆ నిర్వాహకులే అంతకుముందు మా ఆర్కెస్ట్రాని పిలిచేవాళ్లు.

క్లబ్‌హౌస్ బాబాయ్:
ఓహో, ఇప్పుడు తెలిసింది. మీ బాధ కాపీరైట్ కాదు, పోయిన పేమెంటు.

రెండో కీబోర్డు:
అవును, పేమెంటే. తప్పా? హాలుకి డబ్బుంటుంది, ఫ్లెక్సీకి ఉంటుంది, శాలువాలకి ఉంటుంది, భోజనాల దగ్గర స్వీటు రెండోసారి వడ్డిస్తారు. వాయించేవాడి దగ్గరికి వచ్చేసరికి బడ్జెట్ లేదు!

క్లబ్‌హౌస్ బాబాయ్:
మరి నాదీ వినండి. మీ ఆర్కెస్ట్రా రోజుల్లో ఎవరు పాడాలో ఎవరు చెప్పేవాళ్లు? మీరే. నలుగురే పాడేవాళ్లు, ఏటా ఆ నలుగురే. రిహార్సల్‌కి నేను వెళ్తే "అంకుల్, మీ శృతికి ఈ పాట కుదరదు" అని నవ్వారు. కుదరకపోతే శృతి మార్చాలి కదా, మీరున్నది దేనికి? రిటైరయ్యాక ఆ పెన్‌డ్రైవ్ వల్లే మైకు నా చేతికొచ్చింది. అదేమో ఎవరినీ చూసి నవ్వదు. దాంట్లో బేస్ లేకపోతే లేకపోయింది.

కోరస్ అమ్మాయి:
బాబాయ్ చెప్పింది నిజం. నేను నాలుగేళ్లు కోరస్‌లోనే ఉన్నా.

రెండో కీబోర్డు:
గంట రిహార్సల్‌లో పాతిక మందికి శృతులు మార్చి వాయించమంటే ఎలా అమ్మా? ఆ గంటకి కూడా ఆటో డబ్బులు మేమే పెట్టుకున్నాం. పాడేవాళ్లని ఎంచింది కమిటీ, మేం కాదు. జాబితా వాళ్ల దగ్గర్నుంచే వచ్చేది.

క్లబ్‌హౌస్ బాబాయ్:
జాబితా కమిటీది. నవ్వింది మీరు.