డ్రమ్ముకూ డబ్బాకూ మధ్య ఆ తీగ ఎందుకు?

ప్రశ్న:
నూనె గింజల నుంచి హెక్సేన్ అనే ద్రావకంతో నూనె తీసే ప్లాంటులో, ల్యాబ్ ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. నిన్న డ్రమ్ములోంచి ఇనుప డబ్బాలోకి హెక్సేన్ పట్టబోతుంటే మా పెద్దాయన పరుగున వచ్చి ఆపారు. రెండింటికీ తీగ కలిపి, క్లిప్పులు బిగించాకే కుళాయి తిప్పనిచ్చారు. దగ్గర్లో మంట లేదు, స్విచ్చు లేదు. మరి ఆ తీగ ఏం చేస్తుంది? ఇంత భయమైతే మరో ద్రావకం, టోలీన్ వాడవచ్చు కదా?

జవాబు:
మీ పెద్దాయనకు నా నమస్కారం చెప్పండి. హెక్సేన్‌లో విద్యుత్తు దాదాపు ప్రవహించదు. అందుకే కుళాయిలోంచి జారుతున్నప్పుడు పుట్టే విద్యుత్ ఆవేశం ఎటూ పోలేక పేరుకుంటుంది. ఆవిరి అంటుకోవడానికి 0.24 మిల్లీజౌళ్ల శక్తి చాలు. తలుపు పిడి ముట్టుకున్నప్పుడు వేలికి చురుక్కుమంటుందే, ఆ రవ్వలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. తీగ ఉంటే రెండు పాత్రల మధ్య తేడా నిలవదు, రవ్వ ఎగరదు. డ్రమ్మును భూమికి కూడా కలపాలి. ప్లాస్టిక్ డబ్బా వద్దే వద్దు.

దగ్గర్లో మంట లేదన్నారు. ఈ ఆవిరి గాలికి మూడు రెట్లు బరువు. నేలబారున పాకి, కాలువల్లో దిగి, దూరాన ఉన్న నిప్పును వెతుక్కుంటుంది. ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి లేచే కనీస ఉష్ణోగ్రత, సుమారు మైనస్ 22 డిగ్రీలు. ఆవిరి గాలిలో 1.1 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది.

ఒక్క మాట. క్లిప్పు పళ్లు పెయింటు మీద కాదు, లోహం మీద దిగాలి. నేను ఏ ప్లాంటుకు వెళ్లినా ముందు వంగి చూసేది అదే.

మరో జవాబు:
టోలీన్ కూడా 4 డిగ్రీలకే ఫ్లాష్ అవుతుంది, కాబట్టి భయం తీరదు. పైగా అది 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది, హెక్సేన్ 69 దగ్గరే. నూనెలోంచి, నూనె తీశాక మిగిలే గింజల పిండిలోంచి ద్రావకాన్ని పూర్తిగా వెళ్లగొట్టి మళ్లీ వాడుకోవాలి కదా, అక్కడ తక్కువ వేడి చాలడమే హెక్సేన్ గొప్ప. పిండిలో నూనె ఒక శాతం లోపే మిగులుతుంది. టోలీన్‌ను రంగులకూ జిగురులకూ వదిలేయండి.

మొదటి జవాబు రాసినవారు:
ఇంకొకటి మరిచాను. గ్రీజు చేతులు హెక్సేన్‌తో తుడుచుకోకండి. చర్మం ఎండిపోతుంది. ఆవిరిని నెలల తరబడి పీలిస్తే, శరీరంలో అది మారి ఏర్పడే 2,5-హెక్సేన్‌డయోన్ నరాలను దెబ్బతీస్తుంది. తిమ్మిరి కాలివేళ్ల నుంచి మొదలవుతుంది. జిగురుతో చెప్పులు అతికించే కార్మికుల్లో ఇది కనబడిన జబ్బే.

అడిగినవారు:
ఇప్పుడే వెళ్లి చూశాను. డబ్బా వైపు క్లిప్పు పెయింటు మీదే ఉంది. గీకి, మెరిసే ఇనుము తేలాక బిగించాను.