క్రియాటినిన్ 1.2 అంటే కిడ్నీలు బాగున్నట్టేనా?

సోంపేట_శ్రీను: అమ్మకు 70 ఏళ్లు, 42 కిలోలు, ఎత్తు 145 సెంటీమీటర్లు. క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీలు రక్తంలోంచి వడకట్టేది) 1.2. ల్యాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) 49 అని ఉంది. అదే వడపోతను వయసు, బరువు, క్రియాటినిన్‌లతో అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో లెక్కిస్తే 29 వచ్చింది. ఏది నమ్మాలి? కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానంలో కిడ్నీ మాటెత్తితేనే టెన్షన్.

ల్యాబ్_రమణ: రెండూ అంచనాలే. 24 గంటల మూత్రం పట్టి క్లియరెన్స్, అంటే కిడ్నీలు క్రియాటినిన్‌ను ఎంత బయటికి పంపుతున్నాయో చూడాలి. అసలు పరీక్ష అదే.

విజయ_గుంటూరు: ఏం అసలు పరీక్షండీ! మా అత్తగారు రాత్రి నిద్రమత్తులో బాత్రూమ్‌లో పోసేశారు. రిపోర్టులో బాగా తక్కువొచ్చి ఇల్లంతా ఏడుపులు. చుక్క పోకుండా పట్టినా, క్రియాటినిన్ కొంత కిడ్నీ నాళికల నుంచి కూడా మూత్రంలోకి వస్తుంది కాబట్టి ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది.

ల్యాబ్_రమణ: సరిగా పట్టకపోతే తప్పు పరీక్షదా?

సోంపేట_శ్రీను: నేనడిగింది 29 ఆ, 49 ఆ అని.

మాధవి_ఫార్మసీ: శ్రీను గారూ, 49 అనేది 1.73 చదరపు మీటర్ల ఒంటి వైశాల్యానికి వేసిన లెక్క. మీ అమ్మగారిది సుమారు 1.3. ఆ మేరకు సరిచేస్తే 37. మిగతా తేడా సూత్రాలది. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ 1976 నాటిది, మగవాళ్ల మీద కట్టింది, ఆడవాళ్లకు 0.85తో గుణిస్తారు. అయినా చాలా మందుల డోసు పట్టికలు ఇప్పటికీ దాని మీదే ఉన్నాయి. జబ్బు ఏ దశలో ఉందో చెప్పడానికి ల్యాబ్ అంకె, డోసుకు బరువు లెక్క.

ల్యాబ్_రమణ: అంటే ల్యాబ్ తప్పిచ్చిందనా? ఈజీఎఫ్ఆర్‌కు 2021లో వచ్చిన సికెడి-ఈపీఐ సూత్రమే వాడుతున్నాం.

విజయ_గుంటూరు: మంచాన పడి కండంతా కరిగిపోయిన మా నాన్నకు క్రియాటినిన్ "నార్మల్" అని, కిడ్నీలను దెబ్బతీయగల యాంటీబయాటిక్ జెంటామైసిన్ ఫుల్ డోసు ఇచ్చారు. తర్వాత డయాలసిస్. ఏ ల్యాబ్ చెప్పింది?

ల్యాబ్_రమణ: అందుకని ఇంటింటా లెక్కలేసుకుని డాక్టర్లతో తగువు పెట్టుకోవాలా? ఇలాంటి అంకెలు చూసి భయపడి, బీపీ బిళ్లలు మానేసి నాటుమందుకు పోయినవాళ్లు నాకు తెలుసు. మీ కోపం సూత్రం మీద కాదు.

విజయ_గుంటూరు: కాదు. బరువెంతని ఒక్కరూ అడగలేదు. మేమే చెప్పబోతే "మీకేం తెలుసు" అన్నారు. లెక్క మాకు తెలిస్తేనే అడగగలం.

మాధవి_ఫార్మసీ: శ్రీను గారూ, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూపించండి, వీలైతే రక్తంలో సిస్టాటిన్ సి అనే ప్రోటీన్ కూడా. సిస్టాటిన్ సి క్రియాటినిన్‌లా కండ మీద అంతగా ఆధారపడదు. మూడు నెలలకు మళ్లీ చేయించండి. కిడ్నీలను దెబ్బతీసే నొప్పి బిళ్లలు ఏమైనా వాడుతున్నారా?

సోంపేట_శ్రీను: మోకాళ్లకు రోజూ డైక్లోఫెనాక్. రేపే పలాస ఆసుపత్రికి తీసుకెళ్తాను.

ల్యాబ్_రమణ: 24 గంటల పరీక్ష గురించి కూడా అడగండి. విజయ గారి నాన్నగారిలా కండ తగ్గినవాళ్ల దగ్గరే క్రియాటినిన్ సూత్రాలన్నీ తప్పేది.