నాట్లు వేసే మనిషికి ‘నడవండి’ అని చెప్పాలా?

నాగావళి (రాయగడ, ఒడిశా): బీపీ, షుగరు చూసే శిబిరాల్లో అందరికీ ఒకే మాట చెబుతున్నారు: రోజూ నడవండి. పొద్దంతా నాట్లు వేసిన ఆమెకూ అదేనా? ఆ శ్రమ లెక్కకు రాదా?

వంశధార (గుణుపురం): వస్తుంది. శ్రమను కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళి పని, రాకపోకలు, తీరిక మూడింటినీ అడుగుతుంది. పెద్దవాళ్ళకు వారానికి 150–300 నిమిషాలు, ఊపిరి కాస్త వేగంగా ఆడేంత శ్రమ చాలు. ఒక్క విడతలో కనీసం 10 నిమిషాలు సాగాలన్న షరతు 2020లో ఎత్తేశారు. కట్టెల మోపు, బోరు నుంచి బిందె అన్నీ జమే. ఆమెను అడగాల్సింది వేరే: నాట్లు, కోతలు లేని నెలల్లో ఏం చేస్తున్నారు?

మహేంద్రగిరి (పర్లాకిమిడి): రోజంతా మిషన్ కుట్టేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు నడకతో పాటు కండ బలం కూడా కావాలి. వారానికి రెండు రోజులు, ఇంటి అరుగు చాలు. చేతులు ఆనించకుండా 10 సార్లు కూర్చుని లేవాలి, కాసేపు ఆగి మళ్ళీ 10. అరుగు మోకాలి ఎత్తుకు తగ్గితే మోకాళ్ళు పట్టేస్తాయి, పైన పీట వేసుకోండి. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.

నాగావళి: ఆడవాళ్ళు నడవడానికి జాగా ఏది? తెల్లారకముందు రోడ్డు మీద లారీలు, కుక్కలు.

వంశధార: అసలు అన్యాయం అక్కడే. 2022 అంచనాల్లో మన దేశంలో చాలినంత కదలిక లేనివాళ్ళు ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42. దీన్ని బద్ధకం అనడం తప్పు. బడి మైదానం అడగండి. దరఖాస్తు ఒడియాలో, పొదుపు సంఘం సంతకాలతో బడి కమిటీకి ఇవ్వాలి. వేళ రాయండి, పొద్దున 5:30 నుంచి 6:30. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో పేరుతో రాయండి, రెండో చెవి ఇంకొకరి దగ్గర ఉండాలి. ఒక్కరి దగ్గరే ఉంటే ఆ మనిషి ఊరెళ్ళిన వారమే నడక ఆగిపోతుంది, మళ్ళీ మొదలవదు.

ప్రాణహిత (సిరొంచ, మహారాష్ట్ర): షుగరు మాత్రల్లో గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళ గురించి ఒక్క మాట. తునికాకు కొయ్యడానికి చీకటితోనే మాత్ర మింగి, తినకుండా అడవికి పోతారు. ఒంట్లో చక్కెర పడిపోయి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. దాన్ని ఎండ దెబ్బ అనుకుని ఉత్త నీళ్ళు తాగిస్తారు. మాత్ర తిండితోనే వేసుకోవాలి. కొంగున ఆరు చెంచాల పంచదార కట్టుకుని వెళ్ళాలి. వణుకు మొదలవగానే అందులో మూడు చెంచాలు తిని, 15 నిమిషాలు నీడలో కూర్చోవాలి. తగ్గకపోతే ఇంకో మూడు చెంచాలు. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు.