బియ్యంలో పురుగు, చోడిపిండిలో గూడు: ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మర ఆడించి తెచ్చుకున్న బియ్యం బస్తా వంటింటి మూల పెట్టాం. వానలు పడ్డాక చేటలో పోస్తే చిన్న గోధుమరంగు పురుగులు పాకుతున్నాయి. చోడిపిండి డబ్బాలో దారాలు, ఉండలు. సాయంత్రం లైటు వేస్తే బూడిదరంగు రెక్కల పురుగులు ఎగురుతున్నాయి. మా అత్తయ్య బోరిక్ పౌడర్ కలపమంటున్నారు, కొట్టాయన ఏదో మాత్ర ఇచ్చి బస్తాలో పెట్టమన్నాడు. పిల్లలున్న ఇల్లు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అక్కా, ఆ మాత్ర మాత్రం బస్తాలో పెట్టొద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలే సాధారణంగా అలా అమ్ముతారు. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, దానికి విరుగుడు లేదు. గోదాముల్లో శిక్షణ ఉన్నవాళ్లు వాడే మందు అది, మనుషులు పడుకునే ఇంట్లో పెడితే ప్రాణాలు పోతాయి. విప్పకుండా, తడి తగలకుండా తిరిగి ఇచ్చేయండి. బోరిక్ పౌడర్ కూడా తిండిలో కలపొద్దు, ముఖ్యంగా పిల్లలకు మంచిది కాదు.

బియ్యంలో పురుగును ఒకదాన్ని తెల్ల కాగితం మీద వేసి చూడండి. తలకి తొండంలా సన్నటి ముక్కు, వీపు మీద లేత ఎర్ర మచ్చలు నాలుగు ఉంటే అది ముక్కు పురుగు. గింజకి చిన్న రంధ్రం చేసి, గుడ్డు పెట్టి, రంధ్రం మూసేస్తుంది. పిల్ల పురుగు లోపలే తిని పెరుగుతుంది కాబట్టి మీరు ఎంత చెరిగినా మన వేడికి నెల తిరిగేసరికి మళ్లీ కనిపిస్తాయి. చెరిగాక కొంచెం కొంచెంగా కవర్లలో కట్టి ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులు ఉంచితే లోపలివీ చస్తాయి. బస్తా అంతా పట్టదు కదా, మిగతాది నీడలో పలచగా పరిస్తే పెద్ద పురుగులు చాలావరకు వెళ్లిపోతాయి. మండుటెండలో పోస్తే గింజ విరిగి నూకవుతుంది.

పిండిలో దారాలు రెక్కల పురుగు పిల్లలవి. ఆ పిండి పారేయండి. డబ్బా మూత అంచు, అలమర మూలలు, గోడ పైభాగం వెతకండి, గూళ్లు అక్కడే కడతాయి. అవి వదిలేస్తే కొత్త పిండికీ పడుతుంది.

ప్రశ్న: మాది బొబ్బిలి. వేపాకు వేస్తే సరిపోదా? మాకు పెసల్లోనే ఎక్కువ, గింజకి గుండ్రటి రంధ్రాలు.

జవాబు: పెసల్లోది వేరే పురుగండి. గింజ పైన తెల్లటి చుక్కలు అంటుకుని ఉంటాయి చూడండి, అవి దాని గుడ్లు. బాగా ఎండబెట్టి, చల్లారాక కిలోకి ఒక టీస్పూను ఆముదం పట్టించండి, గుడ్లు చెడిపోతాయి. వండేముందు కడిగితే చాలు. వేపాకు కొత్తగా వచ్చేవాటిని కొంత ఆపుతుంది గానీ గింజలో ఉన్నవాటిని చంపదు, పచ్చిగా వేస్తే తేమ కూడా చేరుతుంది.

ప్రశ్న: పలాస నుంచి తెచ్చిన జీడిపప్పు కూడా ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చండి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తియ్యకండి, లేదంటే చెమ్మ పట్టి మెత్తబడిపోతుంది.