ములుకులకు ఫోమ్ హుడ్ మేలా, విడి తొడుగులు మేలా?

పాతవిల్లు: నిన్న అంబులపొది విప్పి చూస్తే మూడు బాణాల ములుకుల (కొనకుండే బ్లేడ్ల) అంచుల మీద సన్నటి తుప్పు గీత. సానపట్టి నెల కూడా కాలేదు, అప్పుడు చేతి మీద వెంట్రుకలు గీస్తే తెగేవి, ఇప్పుడు కాగితం చిరుగుతోంది కానీ నున్నగా తెగట్లేదు. పొదిలో ములుకుల్ని కప్పే హుడ్ ఉంటుందిగా, దాంట్లో అవి గుచ్చుకునే ఫోమ్ మీదే నా అనుమానం. అది పీకేసి ఒక్కో ములికికీ ప్లాస్టిక్ తొడుగు వేద్దామనుకుంటున్నా.

గాలిఈక: పాపం ఫోమ్‌ని ఎందుకు తిడతావన్నా, వానలో తడిసిన పొదిని అలాగే మూలన పెట్టేసి ఉంటావు. ఫోమ్ నీళ్లు పీల్చుకుంటుంది, కార్బన్ స్టీలు రోజుల తరబడి అందులో నానితే తుప్పు పట్టక ఏమవుతుంది? నేనైతే తడిసిన రోజు బాణాలన్నీ బయటికి తీసి, తుడిచి, బ్లేడుకి పల్చగా నూనె రాస్తా. హుడ్ బోర్లించి ఆరబెడతా.

పాతవిల్లు: తడిసిన మాట నిజమే, దొరికిపోయాను. మరి మొద్దుబారడం సంగతి?

ఒంటిగురి: అందులో ఫోమ్‌కీ కొంత వాటా ఉంది. తీసి పెట్టిన ప్రతిసారీ కొత్త చోట గుచ్చితే అంచు రుద్దుకుంటూనే ఉంటుంది. పాత గాటులోనే పెట్టాలి. బాణం బరువు మోయాల్సింది కాడని పట్టే రబ్బరు పట్టీ, ములికి లోపల ఊరికే కూర్చుంటే చాలు. మడత బ్లేడ్ల ములుకులైతే ఫోమ్‌లోంచి లాగేటప్పుడు తెరుచుకోవచ్చు, వాటికి గుంటలున్న రబ్బరు హుడ్డే నయం.

నారిమోత: విడి తొడుగులు నేను వాడి వదిలేశా. జంతువు ఎదురుగా ఉన్నప్పుడు చలికి కొయ్యబారిన వేళ్లతో ఆ తొడుగు ఊడదీయాలి, అది జారి రాయి మీద టక్కున పడుతుంది, అంతే, ఆ రోజు వేట అయిపోయినట్టే!

గట్టుదిగువ: పదును గొడవ సరే, ఒంటి సంగతి చూసుకోండి. ఓసారి గట్టు దిగుతూ జారిపడ్డా. నా హుడ్ మెత్తటిది, బ్లేడు దాన్ని చీల్చుకుని ప్యాంటు కోసింది, తొడకి గీత పడి ఊరుకుంది. లోపల ఏది పెట్టుకున్నా బయట గట్టి చిప్ప ఉండాలి, అది బ్లేడ్ల కిందిదాకా కప్పాలి.

వీపుపొది: మా వీపు పొదులకి హుడ్డే ఉండదు, నడుస్తుంటే బ్లేడ్లు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు పోతాయి. అందుకే అడుగున రెండు మూడు అంగుళాలు ఓట్స్ పోస్తాం. ములుకులు అందులో దిగి కదలకుండా నిలబడతాయి, చప్పుడూ ఉండదు.

గాలిఈక: వానొస్తే జావ కూడా రెడీ 😀

వీపుపొది: నవ్వు నవ్వు. తడిస్తే పారబోసి కొత్తవి పోస్తా, నీ ఫోమ్‌లా అందులో నెల నాననివ్వను.

పాతవిల్లు: ఇప్పుడే ఫోమ్ కోసి చూశా, పైన పొడిగానే ఉంది, లోపల వేలు పెడితే చల్లగా తడి. కొత్త ముక్క వేస్తున్నా. కొన్న తొడుగులు మాత్రం ఇంట్లో, ప్రయాణంలో వాడతా. ఆ తుప్పు గీత సన్నరాయి మీద పోతుందా, లేక బ్లేడ్లు మార్చాల్సిందేనా?

ఒంటిగురి: గోరుతో అంచు వెంట గీసి చూడు. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ గుంట పడ్డట్టు, అది పోయేదాకా అరగదీయాలి. మార్చే బ్లేడ్లయితే అంత కష్టం దేనికి, కొత్తవి వేసెయ్.